లేని గొట్టానికి సంతకం

కౌశికపురంలో ఇస్సాకు ఇల్లెక్కడని అడిగితే ఏ ఇస్సాకని ఎదురడుగుతారు. నీళ్ళ ఇస్సాకు అంటే మాత్రం పసిపిల్లలు కూడా కాలువ అవతలి పేట వైపు చెయ్యి చూపిస్తారు. అమలాపురానికీ రాజోలుకూ నడుమ, కాలువకు అటూ ఇటూ సర్దుకున్న చిన్న పట్నం అది. పురపాలక సంఘమని పేరేగానీ, దానికున్న ఆస్తల్లా ఒక ఎత్తు ట్యాంకు, కాలువ నీళ్ళు నిలవబెట్టే చెరువు, నేల కింద పరిచిన ఇనప గొట్టాలు, వాటి మీద అరవై మూడు వాల్వులు. పొద్దున్నే అయిదింటికి ఏ వీధికి నీళ్ళు వదలాలో, ఏడింటికి ఏ వీధికి కట్టాలో అంతా ఇస్సాకు చేతిలో పని. భుజం దాకా వచ్చే ఇనప తాళం ఒకటి మోసుకుని తిరిగేవాడు. రోడ్డు మీద మట్టిని కాలితో పక్కకు తోసి, మూత ఎత్తి, తాళం లోపలికి దింపి, లెక్కగా చుట్లు తిప్పి, మూత పెట్టి వెళ్ళిపోయేవాడు. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిరుగుతుందో, ఏది ఎడమకు కడుతుందో, ఏది మొరాయిస్తుందో అతనికి తప్ప ఆఫీసులో ఎవరికీ తెలియదు.

తెలియకేం, అవన్నీ పాతినవాడు అతనే. 1973లో నీటి పథకం వచ్చినప్పుడు ఇస్సాకుకు ఇరవై రెండేళ్ళు. తల్లి చిన్నతనంలోనే పోతే అన్న లాజరు, వదిన సరోజిని పెంచారు. లాజరు కొబ్బరికాయల దింపుకు వెళ్ళేవాడు. సరోజిని ఇంటి ముందు కూర్చుని పీచు పేనేది. పిల్లలు లేని ఆవిడ మరిదినే బిడ్డనుకుంది. పీచు పేనీ పేనీ అరిచేతులు కాయలు కాసినా, ఎనిమిదో తరగతి దాకా మిషను బడి మాన్పించలేదు. ఆ చదువుతో ఉద్యోగమేదీ రాలేదు. గొట్టాల పనికి కూలీగా చేరాడు. ఆరు నెలలు తిరక్కుండానే జాయింటు పోయడం నేర్చుకున్నాడు. రెండు గొట్టాల సందులో జనపనార బిగించి, చుట్టూ బంకమట్టి కట్టి, కరిగిన సీసం ఒక్క ధారగా పొయ్యాలి. మధ్యలో చెయ్యి ఆగిందా, ఆ జాయింటు జన్మలో నిలవదు. ఇస్సాకు పోసిన జాయింటు ఒక్కటీ కారలేదు.

పేటకు కూడా గొట్టం మంజూరైంది. పదకొండు వందల అడుగుల గొట్టం, నాలుగు వీధి కుళాయిలు. 1974 వేసవిలో కాలువ కట్టేసిన రోజుల్లో బళ్ళ మీద గొట్టాలు తెచ్చి చర్చి గుడి పక్కన దించారు. పేటవాళ్ళే తలా ఒక చెయ్యి వేసి కందకం తవ్వారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. నాలుగు రోజులు పోయాక మళ్ళీ బళ్ళు వచ్చాయి. కౌన్సిలరు బంగారయ్యగారి రైసు మిల్లు రోడ్డుకు గొట్టాలు చాలలేదట, ముందు అక్కడ వేసి పేటకు వేరే తెస్తారట. గొట్టాలు ఎక్కించారు, తీసుకుపోయారు. మిల్లు రోడ్డున వాటిని పాతి సీసం పోసింది ఇస్సాకే. వానలొచ్చాక పేటలోని కందకం దానంతటదే పూడిపోయింది. వేరే గొట్టాలు రాలేదు.

పని అయిపోయాక కూలీలందరినీ పంపేసి, వాల్వులు తిప్పడానికి ఇస్సాకునొక్కణ్ణి ఉంచుకున్నారు. రోజు కూలీగానే. ఏడాది గడిచింది, పదేళ్ళు గడిచాయి, రోజు కూలీ రోజు కూలీగానే ఉండిపోయింది. పేట ఆడవాళ్ళు కాలువ వంతెన దాటి, కొత్తవీధి చివరి కుళాయికి బిందెలు పట్టుకుని వెళ్ళేవారు. ఆ వీధివాళ్ళందరూ పట్టుకున్నాకే వీళ్ళ వంతు. పక్కన ఎడంగా నిలబడి చూస్తూ ఉండాలి. సరోజిని కూడా అలా నిలబడేది. అందుకే ఇస్సాకు ఊరంతా కట్టేసి వచ్చి కొత్తవీధి వాల్వు ఆఖరున కట్టేవాడు. ఆ పది నిమిషాల నీళ్ళే అతను తన పేటకు ఇచ్చుకోగలిగింది. అవి చాలనినాడు పేటలో నుయ్యే దిక్కు.

1984లో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి పురపాలక సంఘమూ తన ఆస్తులన్నిటికీ రిజిస్టరు తయారు చెయ్యాలి. గొట్టం ఎక్కడుంది, ఎంత పొడవు, ఎప్పుడు వేశారు, వాల్వు ఎక్కడుంది, కుళాయిలెన్ని, కల్వర్టులెన్ని, అన్నీ పటం గీసి పంపాలి. పంపిన ఊళ్ళకే కొత్త ట్యాంకులకు గ్రాంటు. ఆ పని మీద కొత్తగా వచ్చిన అసిస్టెంటు ఇంజనీరు ముత్యాలరాజు. ముప్ఫయ్యేళ్ళ మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఆఫీసులో పాత పటాలు సగం చెదలు తినేశాయి. మిగిలిన సగంలో గీసింది ఒకటి, నేలలో ఉన్నది ఒకటి.

"ఇస్సాకూ, ఈ ఊరి పటం నీ బుర్రలో ఉందంట. నాకివ్వాలి," అన్నాడు మొదటిరోజే.

"ఎంతమాటండి. రండి బాబూ, నడుద్దాం," అన్నాడు ఇస్సాకు.

రెండు నెలలు నడిచారు. ఇస్సాకు ముందు, కొలత గొలుసు పట్టుకున్న కూలీలు వెనక, పక్కన రాజుగారు. ఇక్కడ అరుగుండేదండి, కూల్చేసి మేడ కట్టేరు, వాల్వు ఆ మెట్ల కింద పడిపోయిందండి. ఇక్కడ గొట్టం నిటారుగా పోదండి, చింత వేరు అడ్డొచ్చి వంకర తిప్పేం. అతను కాలితో గీసిన చోట తవ్వితే జానెడు కూడా తేడా లేకుండా గొట్టం తగిలేది. రాజుగారు టీ తెప్పించి కూర్చోబెట్టి తాగించేవాడు. "నువ్వు లేకపోతే ఈ రిజిస్టరు లేదయ్యా," అనేవాడు. ఇస్సాకు ఆ రెండు నెలలూ నేల మీద నడవలేదు. తన పదకొండేళ్ళ పని పటం మీద నీలి గీతలై కనిపిస్తుంటే, రోజు కూలీనన్న సంగతే మర్చిపోయాడు.

చివరి షీటు పేటది. నడవకుండానే గీసేశారు. వంతెన దగ్గర మొదలై గుడి దాటి వెళ్ళే నీలి గీత, దాని పక్కన నాలుగు చుక్కలు.

"ఈ షీటు తప్పండి," అన్నాడు ఇస్సాకు. "మా పేటకి గొట్టం లేదండి. ఆ గొట్టాలు మిల్లు రోడ్డున ఉన్నాయండి. నేనే వేసేనండి."

ముత్యాలరాజు కలం కింద పెట్టాడు. "నాకు తెలుసు ఇస్సాకూ. మిల్లు రోడ్డు నాకు చూపించింది నువ్వేగా. కానీ అప్పటి కొలతల పుస్తకంలో పేటకి వేసినట్టే రాసేరు, బిల్లు అయిపోయింది. ఇప్పుడు లేదని రాస్తే పదేళ్ళ కిందటి మనుషులందర్నీ లాగాలి. ఒకాయన పోయేరు, ఇద్దరు రిటైరయ్యేరు, బంగారయ్యగారు కౌన్సిల్లోనే ఉన్నారు. అది తేలేలోపు ఊరికి రావాల్సిన ట్యాంకు పోద్ది."

"మరి మా పేటకండి?"

"అదే చెప్తున్నా. కొత్త గొట్టం మంజూరు చేయించడం ఎంత కష్టమో నీకు తెలీదు. ఉన్నట్టు రాసి, పాడైపోయిందని మరమ్మతుకి పెడితే తేలిక. నేనే పెడతాను. నా మాట నమ్ము." కలం మళ్ళీ చేతిలోకి తీసుకుని అన్నాడు. "నీ పర్మనెంటు కాగితం కూడా నా బల్ల మీదే ఉంది. రిజిస్టరు షీట్ల కింద నీ సంతకం కావాలి, ఫీల్డు మనిషివి కదా. రెండూ కలిపి ఒకేసారి పంపుదాం."

ఇస్సాకు రేపు చెప్తానని ఇంటికొచ్చాడు. మధ్యాహ్నం అన్నం తింటూ భార్య దీనమ్మకు చెప్పాడు. దీనమ్మ మజ్జిగ పోస్తూ ఆగిపోయింది.

"పెట్టకపోతే ఏటవుద్ది?"

"నా బదులు ఇంకోడు పెడతాడు. నాకు కూలి పని కూడా ఉండదు."

ఆవిడ మజ్జిగ పోసి గిన్నె పక్కన పెట్టింది. తర్వాత అంది. "పెట్టాలంటే పెట్టండి. ముందు బావగారికి చెప్పి పెట్టండి. పేట సంగతి కదా."

ఇస్సాకు తలూపాడు. చెయ్యి కడుక్కుని బయటికొచ్చాడు. ఎదురింటి అరుగు మీద లాజరు దింపు కత్తి నూరుకుంటూ కూర్చున్నాడు. ఇస్సాకు అటు చూడకుండా సందు తిరిగి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆఫీసులో, వదిన పీచు పేని చెప్పించిన చదువుతో, గుండ్రటి అక్షరాలతో తన పేరు రాసి సంతకం చేశాడు. అది జరిగిన అయిదో నెలలో అతని ఉద్యోగం ఖాయమైంది. ఖాకీ బట్టలిచ్చారు, సైకిలిచ్చారు.

ఆ ఆదివారం సరోజిని కోడిని కోసి కూర వండి, పేటలో నాలుగిళ్ళకు పంచింది. ఖాకీ చొక్కాను చేత్తో తడిమి చూసింది.

"ఇప్పుడు నీ మాట ఇంటారు గందా. మన పేటకీ ఓ గొట్టం తెప్పించరా ఇస్సాకూ. ఆ వంతెన దాటి మొయ్యలేకపోతన్నాను, నడుం పడిపోతంది."

"చూద్దాం ఒదినా," అన్నాడు ఇస్సాకు. కోడి కూర సగంలో వదిలి లేచాడు.

మరమ్మతు సంగతి రాజుగారికి రెండుసార్లు గుర్తు చేశాడు. మొదటిసారి "రాస్తున్నా" అన్నాడు. రెండోసారి "చూస్తున్నావుగా ఇస్సాకూ, కొత్త ట్యాంకు పని" అన్నాడు. మూడోసారి ఇస్సాకు అడగలేదు.

1986 ఆగస్టులో గోదావరి గట్టు తెగింది. కోనసీమంతా ఒక్క నీటి పళ్ళెమైపోయింది. కౌశికపురంలో నడుం లోతు నీళ్ళు. పేట పల్లంలో ఉంది కాబట్టి అక్కడ గుడి కిటికీల దాకా వచ్చాయి. పేట జనమంతా కాలువ గట్టెక్కి, తాటాకులు కప్పుకుని కూర్చున్నారు. ఇస్సాకును మాత్రం వాల్వులు వదిలి ఊరు దాటొద్దన్నారు. వరద నీరు గొట్టాల్లోకి చొరబడితే ఊరంతా రోగాలే. అతను నీళ్ళలో ఈదుకుంటూ, కాళ్ళతో తడుముకుంటూ, మునిగి మునిగి పల్లపు వీధుల వాల్వులు ఒక్కొక్కటే కట్టాడు. పటం చూడలేదు, ఎవర్నీ అడగలేదు. మూడు రోజుల్లో ఇరవై ఆరు వాల్వులు. నాలుగో రోజుకల్లా ఊళ్ళో వరద తీసి, కుళాయిలు శుభ్రంగా పారాయి. బంగారయ్యగారి మిల్లు దగ్గర కూడా పారాయి.

పేటలో నుయ్యి బురదతో నిండిపోయింది. వంతెన కొట్టుకుపోయింది. గట్టు మీది జనం వరద నీళ్ళే వడబోసుకుని తాగారు. అయిదో రోజున ఇస్సాకు ఆఫీసు ఆవరణలో నీళ్ళ ట్యాంకరు చూశాడు. కాకినాడ నుంచి సాయం కోసం వచ్చింది.

"బాబూ, కాలవ అవతలి పేటకి ఎప్పుడెళ్తన్నావు? ఎగువ ఒంతెన మీంచి చుట్టు తిరిగి రావచ్చు," అన్నాడు డ్రైవరుతో.

డ్రైవరు జేబులోంచి కాగితం తీసి చూశాడు. "ఆ పేట ఇందులో లేదండి. కుళాయిల్లేని పేటలకే ఎళ్ళమన్నారు. రిజిస్టరు చూసి రాసిచ్చేరండి ఈ లిస్టు."

ఇస్సాకు కాగితం తీసుకుని చదివాడు. పది పేర్లున్నాయి. పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి చదివాడు. ఆఫీసులోకి పరిగెత్తాడు. ముత్యాలరాజు వరద కష్టాలు చూడ్డానికొచ్చిన పెద్దల వెంట ఉన్నాడు. గుమస్తా తల ఎత్తకుండానే, "రిజిస్టర్లో నాలుగు కుళాయిలున్నాయి కదయ్యా మీకు, ట్యాంకరెందుకు?" అన్నాడు.

ఇస్సాకు రెండు డబ్బాల నిండా నీళ్ళు పట్టి, సైకిలుకు కట్టుకుని, చుట్టుదారిన ఆరు మైళ్ళు బురదలో తోసుకుంటూ పేట గట్టుకు చేరాడు. అప్పటికి గట్టు మీద పద్నాలుగు మందికి వాంతులు, విరేచనాలు. తాటాకు కింద సరోజిని పడుకుని ఉంది. కళ్ళు లోపలికి పోయాయి. లాజరు పక్కన కూర్చుని విసురుతున్నాడు. ఇస్సాకు గ్లాసులో నీళ్ళు పోసి నోటికి అందించాడు. రెండు గుక్కలు తాగింది. మూడోది బయటికి వచ్చేసింది.

"చల్లగున్నాయిరా," అంది. "కుళాయి నీళ్ళేనా?"

"ఆయ్, ఒదినా."

ఆవిడ మర్నాడు పొద్దున పోయింది. ఆ వారంలో పేటలో ముగ్గురు పోయారు. మిగతా ఇద్దరూ చంటిపిల్లలు.

నెల తిరిగాక మిషను బడి మాస్టారు జ్ఞానప్రకాశం, ట్యాంకరు పేటకు ఎందుకు రాలేదో కనుక్కుందామని ఆఫీసుకు వెళ్ళాడు. గుమస్తా విసుక్కుంటూ రిజిస్టరు తీసి ముందు పడేశాడు. మాస్టారు ఆ షీటు మీద నాలుగు చుక్కలూ చూశాడు, కింద గుండ్రటి అక్షరాల సంతకమూ చూశాడు. ఆ అక్షరాలు ఆయన దిద్దించినవే.

సాయంత్రం గుడి ముందు జనం చేరారు. మాస్టారు కోపంగా ఏమీ అనలేదు. చూసింది చూసినట్టు చెప్పాడు. అందరూ ఇస్సాకు వైపు తిరిగారు. లాజరు లేచి వచ్చి తమ్ముడి ఎదురుగా నిలబడ్డాడు.

"సంతకం నువ్వే పెట్టేవా?"

"ఆయ్."

"లేదని తెలిసే పెట్టేవా?"

"తెలిసే పెట్టేను అన్నియ్యా. మరమ్మతుకని పెట్టి కొత్త గొట్టం ఏయిస్తానన్నారు. నమ్మేను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

లాజరు కొడతాడేమోనని జనం అనుకున్నారు. లాజరు కొట్టలేదు. తల మీది తుండుగుడ్డ తీసి మొహం తుడుచుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి తమ్ముడితో మాట్లాడలేదు. దీనమ్మ కూర పంపితే గిన్నె గుమ్మంలోనే ఉండిపోయేది.

ఇస్సాకు వారం రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ తర్వాత తెల్లకాగితం తీసుకుని, పేటకు గొట్టం లేదనీ, లేదని తెలిసే తాను సంతకం చేశాననీ, ఆ గొట్టాలు మిల్లు రోడ్డున ఉన్నాయనీ, కావలిస్తే తవ్వి చూపిస్తాననీ రాసి, కమిషనరుగారి చేతికి ఇచ్చాడు. రాస్తుంటే దీనమ్మ చూసింది. "ఉజ్జోగం పోద్ది," అంది. "పోద్ది," అన్నాడు.

విచారణ పెట్టారు. కాకినాడ నుంచి ఒక అధికారి వచ్చాడు. మిల్లు రోడ్డు ఎవరూ తవ్వలేదు. పేటలో మాత్రం రెండు చోట్ల తవ్వి, గొట్టం లేదని తేల్చారు. ముత్యాలరాజు వాంగ్మూలం చదివి వినిపించారు. తాను ఈ ఊరికి కొత్తవాడు, నేల కింద ఏముందో ఫీల్డు సిబ్బంది చెప్పినదాని మీదే ఆధారపడ్డాడు, ఇస్సాకు సంతకాన్ని నమ్మాడు. ఇస్సాకు ఆ మాటలు వింటూ రాజుగారి మొహంలోకి చూశాడు. రాజుగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నిన్ను ఎవరు పెట్టమన్నారు సంతకం?" అన్నాడు అధికారి.

"రాజుగారండి."

"సాక్ష్యం ఉందా?"

"లేదండి. ఆయనా, నేనూ, ఆ పటమేనండి ఉన్నది."

జనవరి ఇరవయ్యారున జెండా ఎగరేశాక, వరదలో నీటి సరఫరాను కాపాడినందుకు ముత్యాలరాజుకు ప్రశంసాపత్రం ఇచ్చారు. మార్చిలో ఆయన ప్రమోషన్ మీద వేరే ఊరికి వెళ్ళిపోయాడు. ఏప్రిల్లో ఇస్సాకుకు కాగితం వచ్చింది. తెలిసి తెలిసి తప్పుడు ధ్రువీకరణ చేసినందుకు ఉద్యోగంలోంచి తొలగించారు. ఇనప తాళం అప్పగించి రసీదు తీసుకున్నాడు. సైకిలు కూడా ఇచ్చేసి నడిచి ఇంటికొచ్చాడు.

అతని చోట వేసిన మనిషికి వాల్వులు దొరికేవి కావు. రోడ్లు ఎత్తు పెంచినప్పుడల్లా నాలుగైదు మూతలు తారు కింద పడిపోయేవి. రిజిస్టరు తీసి చూస్తే దూరాలన్నీ అరుగుల నుంచి కొలిచి ఉన్నాయి, ఆ అరుగులే లేవు. అప్పుడు ఆఫీసు నుంచి ఎవరో ఒకరు పేటకు వచ్చి ఇస్సాకును పిలిచేవారు. ఇస్సాకు వెళ్ళేవాడు, చూపించేవాడు. ఆ రోజుకు కూలీ ఇచ్చేవారు.

1988లో పేటకు గొట్టం వచ్చింది. జ్ఞానప్రకాశం మాస్టారు కలెక్టరు దాకా తిరిగినదాని ఫలితం. కాగితాల్లో దాన్ని పాత గొట్టాల మార్పిడి అని రాశారు. అలా రాస్తేనే తొందరగా అవుతుందన్నారు. మాస్టారు అది చదివి, ఎలా రాసుకుంటే మనకేం, నీళ్ళు రానివ్వండని ఊరుకున్నాడు.

సీసం పొయ్యడం వచ్చినవాళ్ళు అప్పటికి ఆ చుట్టుపక్కల లేరు. కాంట్రాక్టరు ఇస్సాకును కూలీకి పెట్టుకున్నాడు. పదిరోజులు తన పేటలో, తన జనం మధ్య, కందకంలో కూర్చుని జాయింట్లు పోశాడు. దీనమ్మ అన్నం తెచ్చి పెట్టేది. మిగతావాళ్ళు కందకం పక్కనుంచి నడిచి వెళ్ళిపోయేవారు. ఎవరో ఒకరిద్దరు పలకరించబోయి, లాజరు ఇంటి వైపు చూసి ఆగిపోయేవారు.

మూడో కుళాయి పటం ప్రకారం లాజరు ఇంటి ఎదురుగా రావాలి. ఆ రోజు లాజరు దింపుకు వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడి పని చూశాడు. కాంట్రాక్టరు మనిషి మేకు పాతుతుంటే దగ్గరకు వచ్చాడు.

"ఇక్కడొద్దండి," అన్నాడు.

"ఎందుకొద్దు? ఇంటి ముందే కుళాయి, మంచిదే కదా."

"మాకొద్దండి. అలా ముందుకి ఎక్కడన్నా పెట్టుకోండి. ఆవిడుంటే వేరు."

కాంట్రాక్టరు మనిషి అర్థం కాక ఇస్సాకు వైపు చూశాడు. ఇస్సాకు కందకంలో, సీసం కుంపటి పక్కన కూర్చుని ఉన్నాడు. తల ఎత్తితే అన్న పాదాలు కనిపిస్తున్నాయి, దింపుతాడు ఒరుసుకుని కాయలు కాసిన మడమలు. రెండేళ్ళలో ఆ పాదాలు తన ముందు అంత దగ్గరగా నిలబడటం అదే మొదలు.

"అలాగేనండి," అన్నాడు ఇస్సాకు. ఎవరితో అన్నాడో తనకే తెలియదు.

మేకు పీకి, కందకం వెంబడి నడిచి, మూడిళ్ళ అవతల పాతాడు. తిరిగొచ్చి నార బిగించి, మట్టి కట్టి, కరిగిన సీసం ఒక్క ధారగా పోశాడు. అతను తల ఎత్తేసరికి లాజరు లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.